పాదచారులను గుర్తించే జంట కెమెరా: అమరిక, శిక్షణ

రాత్రివేళ రోడ్డు దాటే మనిషిని మామూలు కెమెరా తరచుగా పట్టుకోలేదు. 8 నుంచి 14 మైక్రోమీటర్ల పరారుణ కిరణాలను గ్రహించే థర్మల్ కెమెరా ఒంటి వేడినే చూస్తుంది కాబట్టి దానికి వెలుతురు అక్కరలేదు. అయితే రామగుండం వంటి చోట మే నెల ఎండకు తారురోడ్డు, గోడలు మనిషి ఒంటితో సమానంగా వేడెక్కినప్పుడు ఆకారం వాటిలో కలిసిపోతుంది. అందుకే మామూలు, థర్మల్ చిత్రాలు రెండూ కావాలి. వాటిలో మనిషిని గుర్తించే పని న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణ చిత్రాలతో శిక్షణ పొందే ప్రోగ్రాం) చేస్తుంది.

థర్మల్ కెమెరాను కారు ముందు అద్దం వెనుక అమర్చకూడదు. ఆ కిరణాలను గాజు దాటనివ్వదు. రెండు కెమెరాలనూ బయట, వీలైనంత దగ్గరగా బిగించి, ఒకే క్షణంలో చిత్రం తీసేలా ఒకే ట్రిగ్గర్‌కు కలపాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి, సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాలో ఒక్క చిత్రం తేడాకే 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది.

క్యాలిబ్రేషన్‌కు (రెండు చిత్రాలనూ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదర్చడానికి) వాడే నలుపు తెలుపు గళ్ల బోర్డు, గళ్లన్నీ ఒకే వేడిలో ఉంటే, థర్మల్ చిత్రంలో కనిపించదు. దానిని కాసేపు ఎండలో ఉంచితే నల్ల గళ్లు ఎక్కువ వేడెక్కి తేలతాయి. ఆ తరువాత కూడా దూరాన్ని బట్టి తేడా మిగులుతుంది: కెమెరాల మధ్య 10 సెంటీమీటర్లు, ఫోకల్ దూరం 800 పిక్సెళ్లు అయితే, 5 మీటర్ల దూరంలోని మనిషి రెండు చిత్రాల్లో 16 పిక్సెళ్లు, 40 మీటర్ల దూరంలోని మనిషి 2 పిక్సెళ్లు ఎడంగా పడతారు. నా అనుభవంలో చాలామంది నెట్‌వర్క్‌ను తప్పుపడతారు గాని, లోపం ఇక్కడే ఉంటుంది.

దక్షిణ కొరియాలోని కైస్ట్ విశ్వవిద్యాలయం 2015లో వెలువరించిన దాదాపు 95,000 చిత్రాల జతలతో శిక్షణ మొదలుపెట్టవచ్చు. కాని అక్కడ కాంతిని చీల్చే అద్దంతో రెండు కెమెరాల చూపునూ ఒకే దారిలో పెట్టారు కనుక పై తేడా వాటిలో ఉండదు. మీ అమరికతో తీసిన చిత్రాలను తప్పక చేర్చి, రెండింటిలోనూ మనుషుల చుట్టూ పెట్టెలు విడివిడిగా గీయాలి.

రెండు చిత్రాల లక్షణాలను (అంచులు, ఆకారాల వంటివి) నెట్‌వర్క్ నడిమి దశలో కలపడం మంచి ఆరంభం. వెలుతురును బట్టి ఏ కెమెరాకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో నెట్‌వర్క్‌లోని ఒక చిన్న శాఖ నిర్ణయించాలి. శిక్షణలో అప్పుడప్పుడు ఒక చిత్రాన్ని పూర్తిగా నల్లగా ఇవ్వాలి. లేకుంటే నెట్‌వర్క్ ఒకదానిమీదే ఆధారపడుతుంది. చివరికి పగలు, రాత్రి ఫలితాలను వేర్వేరుగా లెక్కగట్టి, ఒక్కో లెన్సును మూసి మళ్లీ పరీక్షించాలి.