నవంబర్‌లో ఒడ్డెక్కిన పడవ జూన్‌లో ఒక్క లాగుకే స్టార్ట్ కావాలంటే

ఒడిశాలోని ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ కోసం ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు, తీరానికి 20 కిలోమీటర్ల లోపల మోటారు పడవల వేట బంద్. ఆ చుట్టుపక్కల సొంత ఫైబర్ పడవ ఉన్నవాళ్లకు, పడవ వెనక తగిలించే మోటారు ఏడు నెలలు ఊరికే కూర్చుంటుంది. రోజూ తిరిగే మోటారు కంటే ఇలా కూర్చున్న మోటారే తొందరగా పాడవుతుంది.

కంపెనీ పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే చలికాలపు జాగ్రత్తలు చాలావరకు మంచు కురిసే దేశాలవి. నీళ్లు గడ్డకట్టి ఇంజన్ బ్లాక్ పగలడం గంజాం జిల్లాలో జరగదు, కాబట్టి యాంటీఫ్రీజ్ కొనక్కర్లేదు. ఇక్కడ మోటారును తినేవి ఉప్పు, రాత్రి మంచుకు పట్టే చెమ్మ, ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు. అన్నిటికంటే ఉప్పే ఎక్కువ తింటుంది. చిలకా సరస్సు నీళ్లు చప్పగానే ఉన్నాయి కదా అని రంభ వైపు వాళ్లు ఊరుకోకూడదు. వానల తర్వాత ఉప్పదనం తగ్గుతుంది గానీ ఎండాకాలానికి మళ్లీ పెరుగుతుంది.

మోటారు లోపల కడగడం

సముద్రపు నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరిగి ఇంజన్‌ను చల్లబరుస్తాయి. ఆపగానే ఆ దారుల్లో మిగిలిన నీళ్లు ఆరిపోయి ఉప్పు పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైతే నీళ్లకు దారి ఇరుకై, వచ్చే సీజన్‌లో ఇంజన్ వేడెక్కుతుంది. దీనికి మందు మంచినీళ్లే.

రబ్బరు చెవులున్న క్లిప్పును (మెకానిక్‌లు మఫ్ అంటారు) గేర్‌కేస్ (మోటారు అడుగున ఉండే గేర్ల పెట్టె) పక్కల నీళ్లు పీల్చే జాలీలకు తగిలించి, దానికి పైపు పెట్టండి. ముందు కుళాయి తిప్పాలి, తర్వాతే ఇంజన్. నీళ్లు లేకుండా కొద్ది సెకన్లు తిరిగినా పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) కాలిపోవచ్చు. ప్రొపెల్లర్ విప్పేసి, న్యూట్రల్‌లో, ఐడిల్ మీద 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. రెండు నిమిషాలతో ముగిస్తే, ఇంజన్ వేడెక్కాకే నీళ్లకు దారిచ్చే థర్మోస్టాట్ తెరుచుకోదు, బ్లాక్ లోపలి ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మఫ్ లేకపోతే డ్రమ్ములో మంచినీళ్లు నింపి, ప్రొపెల్లర్‌కు పైనున్న అడ్డపలక మునిగేలా మోటారు దించి నడపవచ్చు. కొన్ని ఫోర్ స్ట్రోక్ మోటార్లకు పక్కనే పైపు తగిలించే మూతి ఉంటుంది. దానితో కడిగేటప్పుడు ఇంజన్ ఆపే ఉంచాలి.

వెనక నుంచి సన్నధారగా నీళ్లు చిమ్ముతూనే ఉండాలి. ధార బలం తగ్గితే వెంటనే ఆపి సన్నటి తీగతో ఆ రంధ్రాన్ని పొడవండి. అప్పటికీ రాకపోతే ఇంపెల్లర్ పోయినట్టే. అది ఎలాగూ ఏడాదికో, రెండేళ్లకో మార్చాల్సిన భాగం.

పెట్రోలు సంగతి

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. చెమ్మ ఎక్కువైతే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి ట్యాంకు అడుగున విడిగా పేరుకుంటుంది. పెట్రోలు పైపు ముంచుకునేది సరిగ్గా ఆ అడుగు నుంచే. విడిగా మోసుకెళ్లే 24 లీటర్ల ట్యాంకును ఖాళీ చేసి ఆరబెట్టేయడమే తేలిక. ఆయిల్ కలపని పెట్రోలైతే బైకులో పోసుకోవచ్చు. టూ స్ట్రోక్ కోసం ఆయిల్ కలిపింది మాత్రం ఫోర్ స్ట్రోక్ బైకుకు పనికిరాదు. అందుకే చివరి వారాల్లో కొంచెం కొంచెంగానే కలుపుకోండి: 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (పడవ మోటార్ల టూ స్ట్రోక్ ఆయిల్ గుర్తు) అని ఉండాలి. స్కూటర్ ఆయిల్ చవకే గానీ ప్లగ్గుల మీద బూడిద కడుతుంది.

కార్బ్యురేటర్ మోటారైతే కడగడం చివర్లో పెట్రోలు పైపు విప్పి, అదే ఆగేదాకా నడవనివ్వండి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతోనే అందుతుంది కాబట్టి ఈ చివరి నిమిషంలో లోపల పొడిబారుతుంది. ఇంజన్ తడబడుతుండగానే కార్బ్యురేటర్ నోట్లో ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా పూతలా అంటుకునే ఆయిల్) స్ప్రే చేయాలి. తెల్లటి పొగ దట్టంగా లేచి ఆగిపోతే ఆయిల్ లోపల పట్టినట్టు. ఆ తర్వాత కార్బ్యురేటర్ కప్పు కింది మర విప్పి మిగిలిన చుక్కలూ కార్చేయండి. ఉండనిస్తే అవే జిగురై జెట్‌ను (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాన్ని) మూసేస్తాయి. జూన్‌లో స్టార్ట్ కాని మోటార్లలో మొదట చూడాల్సింది ఈ జెట్టే. కిరోసిన్ మీద నడిచే మోటారును ఆపే ముందు కాసేపు పెట్రోలుకు మార్చి నడపాలి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటారును మాత్రం ఇలా ఎండగట్టకండి. పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్‌ను డబ్బా మీది కొలత ప్రకారం కొత్త పెట్రోలులో కలిపి, కడిగే 15 నిమిషాలూ దాని మీదే నడిపితే లోపలిదాకా చేరుతుంది.

ఫాగింగ్ ఆయిల్ దొరకకపోతే ప్లగ్గులు విప్పి, సిలిండర్‌కు ఒక టీస్పూను ఇంజన్ ఆయిల్ పోసి, ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ క్లిప్పు తీసేసి తాడు నాలుగైదు సార్లు మెల్లగా లాగండి. ఫ్లైవీల్‌ను వెనక్కి తిప్పవద్దు, ఇంపెల్లర్ రెక్కలు మడత పడతాయి.

గేర్ ఆయిల్‌ను జూన్‌కు వాయిదా వేయకండి

గేర్‌కేస్‌లో నీళ్లు చేరి ఉంటే ఏడు నెలలూ బేరింగులు తుప్పులో నానుతాయి. కింది మర, తర్వాత పై మర విప్పి ఆయిల్ వదలండి. మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయింది. ఎక్కువసార్లు కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న నైలాన్ వల దారం. అది షాఫ్టు సీలును కోసేస్తుంది. మర మీద బూడిదలాంటి పొడి మామూలే, గీరితే తగిలే ఇనుప ముక్కలుంటే మెకానిక్‌కు చూపించాలి. కొత్త ఆయిల్ (చాలా మోటార్లకు 90 హైపాయిడ్) కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి. పై నుంచి పోస్తే గాలి ఇరుక్కుని సగమే నిండుతుంది. పై రంధ్రంలో పొంగగానే ముందు పై మర, ఆపైన కింది మర బిగించండి. వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి.

ప్రొపెల్లర్ షాఫ్టుకు నీటికి కరగని గ్రీజు రాయండి. ఆనోడ్ (మోటారుకు బదులు తాను తుప్పు పట్టే లోహపు ముక్క) సగం తరిగితే మార్చండి, దానికి రంగు మాత్రం వేయకూడదు. సముద్రంలో తిరిగేవాటికి జింక్ సరిపోతుంది. చిలకా లాంటి కలగలుపు నీళ్లకు అల్యూమినియందే మేలు.

మోటారును ఇంటికి మోసేటప్పుడు ప్రొపెల్లర్ వైపు పైకి లేవకూడదు, మిగిలిన నీళ్లు సిలిండర్లలోకి పారతాయి. చెక్క స్టాండు మీద నిలువుగా పెట్టండి. నీళ్లు చిమ్మే రంధ్రానికి గుడ్డ పీలిక కుక్కాలి, లేకపోతే కందిరీగలు మట్టి గూడు కడతాయి. ఎలుకలకు పెట్రోలు పైపన్నా వైర్లన్నా ఇష్టం, ధాన్యం పక్కన పెట్టకండి.

పడవ, బ్యాటరీ

అడుగున పట్టిన పాచి, గుల్లలు ఒడ్డెక్కించిన రోజే, తడిగా ఉండగానే గీకాలి. చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో ఏటవాలుగా గీకితే ఊడి వస్తాయి. మర్నాటికి సిమెంటే. మిగిలిన తెల్ల మచ్చలకు వెనిగర్ గుడ్డ అరగంట కప్పితే మెత్తబడతాయి. బాత్రూం యాసిడ్ ఫైబర్ మెరుపును, పక్కనున్న అల్యూమినియంను కూడా తింటుంది.

బ్యాటరీకి ముందు మైనస్ తీగ విప్పి, పూర్తిగా ఛార్జ్ చేసి నీడలో పెట్టండి. నిండిన లెడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. నెలకోసారి కొలిచి, 12.4 కన్నా తగ్గితే మళ్లీ ఎక్కించాలి.

2013లో ఫైలిన్ తుపాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, డిసెంబర్ దాకా తుపాన్లకు అవకాశముంది. పడవను అలల గీత నుంచి బాగా పైకి లాగి, రెండు పక్కలా సరుగుడు చెట్లకు కట్టండి. కింద కొబ్బరి దుంగలు వేసి ముక్కు వైపు ఒక జానెడు ఎత్తు పెడితే వాననీరు వెనక రంధ్రం నుంచి పోతుంది. టార్పాలిన్ మధ్యలో కర్ర నిలిపి రెండు చివర్లా గాలి ఆడనివ్వాలి. బిగించి కప్పితే లోపల చెమ్మ పట్టి ఉడుకుతుంది.

పడవ వెనక రంధ్రం బిరడాను సంచిలో పడేయకుండా మోటారు స్టార్టర్ తాడు పిడికే కట్టి ఉంచండి. జూన్‌లో తాడు పట్టుకోబోయిన చెయ్యికి ముందు అదే తగులుతుంది.