గెలుపోటములను ఇంగ్లిష్‌లో చెప్పడం ఎలా?

"మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి." ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే కాజీపేట, హనుమకొండ కాలేజీల్లో బాగా చదివిన పిల్లలు కూడా నీళ్లు నములుతారు. చెప్పడానికి విషయం ఉంటుంది, మాటలు ఉండవు. చేతిలో ఉన్నవల్లా సక్సెస్, ఫెయిల్ అనే రెండే. అదే విద్యార్థి తెలుగులో మాట్లాడితే చూడాలి: గట్టెక్కాను, నెగ్గుకొచ్చాను, దుమ్ము రేపాను అంటాడు. పథకం అటకెక్కిందని, ఎత్తు బెడిసికొట్టిందని, సినిమా చతికిలపడిందని అంటాడు. ఇన్ని ఛాయలు తెలిసినవాడికి ఇంగ్లిష్ మాటల జాబితా బట్టీ పట్టే ఖర్మ ఏమిటి? తన తెలుగు క్రియకు ఇంగ్లిష్‌లో జోడీ వెతుక్కుంటే పని అయిపోతుంది.

మొదటి మెట్టు: జరిగింది ముందు తెలుగులో అనుకోండి

"పాసయ్యాను" దగ్గర ఆగకండి. ఎలా పాసయ్యారు? చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ముప్పై అయిదు మార్కులతో బయటపడితే 'స్క్రేప్డ్ త్రూ'. అవలీలగా రాసి వస్తే 'సెయిల్డ్ త్రూ'. ఎవరూ నమ్మని పనిని చేసి చూపిస్తే 'పుల్డ్ ఇట్ ఆఫ్'. చేరాల్సిన చోటికి ఎట్టకేలకు చేరితే 'మేడ్ ఇట్'. రామప్ప గుడి 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లింది, 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందింది. పాలంపేట వచ్చిన విదేశీ పర్యాటకుడికి ఈ సంగతి చెప్పాలంటే 'రామప్ప మేడ్ ఇట్ టు ద వరల్డ్ హెరిటేజ్ లిస్ట్' అంటే చాలు. ఏళ్ల తరబడి ఎదురుచూశామన్న ధ్వని ఆ 'మేడ్ ఇట్'లోనే వినిపిస్తుంది.

రెండో మెట్టు: ఓటమిని విడదీయండి

కాస్త నిదానంగా ఎక్కాల్సిన మెట్టు ఇది. మనవాళ్లు అన్నిటికీ 'ఫెయిల్' వాడేసేది ఇక్కడే.

కాజీపేట సంగతే తీసుకోండి. 1980లలో ఇక్కడికి రైలు పెట్టెల కర్మాగారం వస్తుందని వరంగల్ ఆశపడింది. అది పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయింది. 2023 జూలైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగేదాకా ఆ మాట వరంగల్ రాజకీయాల్లో నానుతూనే ఉంది. నాటి కథను 'ఫెయిల్డ్' అంటే కర్మాగారం కట్టాక మూతపడిందేమో అనిపిస్తుంది. అనుకున్నది చేతికి రాకుండా జారిపోయింది కాబట్టి 'ద ప్లాన్ ఫెల్ త్రూ' అనాలి. కుదిరిందనుకున్న పెళ్లి సంబంధం తప్పిపోయినా, ప్లాటు బేరం చెడినా ఇదే మాట. ఫైలు అటకెక్కితే 'షెల్వ్డ్'. లాభం కోసం వేసిన ఎత్తు మన నెత్తికే చుట్టుకుంటే 'బ్యాక్‌ఫైర్డ్'. జోకు వేస్తే ఎవరూ నవ్వకపోతే 'ఫెల్ ఫ్లాట్'. ప్రయత్నించాం కానీ కలిసిరాలేదంటే 'ఇట్ డిడ్‌న్ట్ వర్క్ అవుట్'. చివరి మాటలో ఎవరి మీదా నింద ఉండదు కాబట్టి పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగినప్పుడు బాగా అక్కరకొస్తుంది.

మరి 'ఫెయిల్' నిజంగా ఎక్కడ అతుకుతుంది? బ్రేకులకు, మూత్రపిండాలకు, వానలకు, పంటలకు. నల్ల తామర పురుగు మిర్చి మీద పడిన 2021–22 సీజన్ వరంగల్ రైతులకు ఇంకా గుర్తే. చేను ఎర్రబడాల్సిన వేళకు పూత రాలి, ఆకు ముడుచుకుపోయింది. తెలుగులో "పంట పోయింది" అంటాం. ఇంగ్లిష్‌లో 'ద క్రాప్ ఫెయిల్డ్'. వాక్యానికి కర్త పంటే, రైతు కాదు. 'ద ఫార్మర్ ఫెయిల్డ్' అని రాస్తే తప్పు రైతుదన్న అర్థం వస్తుంది. వార్తలు అనువదించేవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

మూడో మెట్టు: దేన్ని గెలిచారు, ఎవరిని ఓడించారు?

'ఇండియా వన్ పాకిస్తాన్' అన్న వాక్యం మన వీధుల్లో ప్రతి మ్యాచ్ రాత్రీ వినిపిస్తుంది. పాకిస్తాన్‌ను బహుమతిగా గెలుచుకున్నాం అన్నట్టుంటుంది అది. మ్యాచ్‌ను, పతకాన్ని, ఎన్నికను 'విన్' చేస్తాం. ప్రత్యర్థిని 'బీట్' చేస్తాం. ఎవరి చేతిలోనైనా ఓడితే 'లాస్ట్ టు'.

మన జిల్లాల క్రీడాకారుల మీదే సాధన చేయండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది: 'దీప్తి వన్ ఎ బ్రాంజ్'. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో పరిగెత్తి తన పారా విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది: 'షి సెట్ ఎ వరల్డ్ రికార్డ్'. రికార్డుకు 'విన్' పనికిరాదు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేతగా నిలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడింది: 'షి లాస్ట్ టు వూ యూ'. ఇక్కడ 'ఫెయిల్డ్' అంటే ఒప్పుకోకండి. ఓడటం వేరు, విఫలమవడం వేరు.

నాలుగో మెట్టు: మాట పక్కన ఏం రావాలో కలిపి నేర్చుకోండి

'సక్సెస్' నామవాచకం, క్రియగా పనికిరాదు. క్రియ కావాలంటే 'సక్సీడ్'. దాని వెనక 'ఇన్', ఆ తర్వాత 'ఇంగ్' రూపం: 'ఐ సక్సీడెడ్ ఇన్ గెటింగ్ ఎ సీట్'. ఇంత తంటా ఎందుకనుకుంటే 'మేనేజ్డ్ టు గెట్' వాడుకోండి. మాట్లాడేటప్పుడు నాకైతే ఇదే సహజంగా వినిపిస్తుంది. రెండు మాటల్లోనూ ఒత్తు రెండో అక్షరం మీద పడాలి: సక్‌'సెస్', సక్‌'సీడ్'. పరీక్ష తప్పితే 'ఐ ఫెయిల్డ్ ద ఎగ్జామ్' సరిపోతుంది. 'ఐ యామ్ ఫెయిల్డ్' అనకూడదు.

సెలవు చీటీలో "రాలేకపోయాను" అనడానికి 'ఐ ఫెయిల్డ్ టు అటెండ్' అని రాసేవారు చాలామంది. రావాల్సిన బాధ్యత ఉండీ ఎగ్గొట్టానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. 'ఐ కుడ్‌న్ట్ అటెండ్' అని రాయండి. పై అధికారి మీకు పంపే మెమోలో 'ఫెయిల్డ్ టు అటెండ్' ఉంటుంది. ఆ మాట ఆయనకే వదిలేయండి.

ఐదో మెట్టు: మన ఇంగ్లిష్ ఎల్లలు తెలుసుకోండి

'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే వరంగల్‌లో డిగ్రీ పూర్తయిందని అర్థం. లండన్‌లో స్పృహ తప్పి పడిపోయారని అర్థం. విదేశీ కంపెనీ ఫోన్ ఇంటర్వ్యూలో 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'బ్యాక్‌లాగ్' కూడా అంతే: అక్కడ అది పేరుకుపోయిన పని, తప్పిన సబ్జెక్టు కాదు. ఫ్లెక్సీల మీద వెలిగే 'గ్రాండ్ సక్సెస్' మన దగ్గర చెల్లుతుంది, బయట 'హ్యూజ్ సక్సెస్' నయం. సభ గురించి చెప్పేటప్పుడు ముందు 'ఎ' మరవకండి: 'ద మీటింగ్ వాజ్ ఎ సక్సెస్'.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు కూర్చుకోవచ్చు. బీటెక్ మూడో ఏడాదిలో రెండు సబ్జెక్టులు తప్పిన విద్యార్థి ఇలా చెప్పవచ్చు: 'ఇన్ మై థర్డ్ ఇయర్ ఐ ఫెయిల్డ్ టూ పేపర్స్. ఐ హ్యాడ్ లెఫ్ట్ ఎవ్రీథింగ్ టు ద లాస్ట్ వీక్, అండ్ దట్ డిడ్‌న్ట్ వర్క్. ఐ మేడ్ ఎ టైమ్‌టేబుల్, స్టక్ టు ఇట్, అండ్ పాస్డ్ బోత్ ద నెక్స్ట్ టైమ్.' మూడు వాక్యాలు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, తర్వాత ఏం చేశారు. కారణం చెప్పేటప్పుడు లెక్చరర్ మీదికో, ప్రశ్నపత్రం మీదికో నెట్టకండి. ఎదుటివారు చెవులు రిక్కించేది ఆ రెండో వాక్యం దగ్గరే.

సాధనకు పత్రికలో ఆటల పేజీ, వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వార్తలు చాలు. రోజుకు ఒక శీర్షిక తీసుకుని, అందులోని తెలుగు క్రియకు పైన చెప్పిన జోడీల్లో ఏది అతుకుతుందో గట్టిగా పైకి చెప్పి చూడండి. ఏదీ అతకకపోతే ఆ శీర్షికను నోటు పుస్తకంలో రాసిపెట్టుకుని, నిఘంటువు తెరిచినప్పుడు మాటతో పాటు దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాన్ని కూడా ఎత్తి రాసుకోండి.