ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ కట్టాక మళ్లీ సీజ్ అవుతోందా? బోరుకి ఇచ్చే ముందు గాలి పరీక్ష చేయండి

యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌ని ఇంట్లోనే విప్పి కట్టుకునేవాళ్లు చాలామంది. బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) బోరు చేయిస్తారు, అంటే లోపలి గోడని కోయించి కాస్త వెడల్పు చేయిస్తారు, కొత్త పిస్టన్ కిట్ వేస్తారు, నాలుగు కిక్కులకే బండి స్టార్ట్ అవుతుంది. పది పదిహేను కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది. తర్వాత ఒక్కసారిగా వెనక చక్రం పట్టేస్తుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, లేత్ షాపులో బోరు టైట్‌గా కొట్టారు. ఇంకో సైజు పెంచమంటావా?" వద్దు తమ్ముడూ. ముందు ఇంజన్ గాలి పట్టి ఉంచుతోందో లేదో చూడు.

ఎందుకంటే ఆ బ్లాకు ఆయుష్షు లెక్కపెట్టి ఉంది. అసలు బోరు 50 మి.మీ. బోరు పెంచాక వేసే ఓవర్‌సైజు పిస్టన్లు దానికంటే 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దవి. అంతే, నాలుగు అవకాశాలు. ఈ బండి మన దగ్గర 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. కంపెనీ నుంచి వచ్చిన అసలు బ్లాకు మంచి స్థితిలో దొరకడం ఇప్పుడు గగనం. కారణం తెలుసుకోకుండా ఒక సైజు పోగొట్టుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు స్టార్టే కాకపోతే

ప్లగ్గు తీసి బ్లాకుకి ఆనించి కిక్కు కొట్టండి. నిప్పు రాకపోతే కొత్త ప్లగ్గు పెట్టి చూడండి, తర్వాత మ్యాగ్నెట్ (ప్లగ్గుకి కరెంటు పుట్టించే చక్రం) నుంచి వచ్చే వైర్లు, పాయింట్లు. నిప్పు ఉంటే పెట్రోల్ కాక్, కార్బొరేటర్ జెట్. రెండూ బాగుండి కిక్కు మరీ తేలిగ్గా దిగిపోతుంటే రింగుల దగ్గరే తేడా. రింగు రెండు కొనలూ పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గర కలవాలి. పిన్ను మీదకెక్కితే బ్లాకు దించేటప్పుడే రింగు విరుగుతుంది. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. ఇవి తెలిసినవే అనుకుంటారు గానీ, నా దగ్గరికి వచ్చిన బండ్లలో బాణం వెనక్కి ఉన్నవి కూడా ఉన్నాయి.

స్టార్ట్ అవుతుంది, పికప్ లేదు

సైలెన్సర్ చూడండి. ఇంజన్ మొత్తం కొత్తగా కట్టి, ఇరవై ఏళ్ల మసి పేరుకున్న అదే సైలెన్సర్ మళ్లీ బిగిస్తారు. లోపలి బఫిల్ పైపు లాగి చూస్తే చిల్లులన్నీ తారు పూసినట్టు మూసుకుపోయి ఉంటాయి. కాల్చి, గీకి పెట్టండి. సగం పికప్ కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఎయిర్ ఫిల్టరు, ఆ తర్వాత కార్బొరేటర్ నుంచి వచ్చే మిశ్రమాన్ని లోపలికే వదిలే సన్నటి రీడ్ రేకులు: వెలుతురుకు పట్టి చూస్తే అంచుల్లో పగుళ్లు కనిపిస్తాయి.

రైజ్ (ఇంజన్ వేగం) దిగదు, వేడెక్కుతుంది, పట్టేస్తుంది

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

లక్షణాలు ఇలా ఉంటాయి. యాక్సిలరేటర్ వదిలినా రైజ్ వెంటనే దిగదు, రెండు మూడు క్షణాలు పైనే వేలాడుతుంది. ఐడ్లింగ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. చోక్ సగం లాగితే నెమ్మదిస్తుంది. ప్లగ్గు తీస్తే కాఫీ రంగులో ఉండాల్సిన పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఈ నాలుగింటిలో రెండు కనిపించినా బండి నడపడం ఆపేయండి. ఇంజన్ ఎక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోంది.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ గది (పిస్టన్ కింద క్రాంక్ షాఫ్టు తిరిగే గది) ఒక పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. కిందికి వచ్చినప్పుడు దాన్ని పైకి తోస్తుంది. ఆ గదికి ఎక్కడైనా సందు ఉంటే అక్కడి నుంచి వట్టి గాలి దూరుతుంది. వట్టి గాలి అంటే పెట్రోలు తగ్గడం ఒక్కటే కాదు, ఆయిలూ ఆ మేరకు పలచబడుతుంది. మంట వేడి పెరుగుతుంది, తడి తగ్గుతుంది. పిస్టన్ తట్టుకోలేదు.

సందు ఎక్కడుంటుంది? కార్బొరేటర్‌కీ బ్లాకుకీ మధ్య రబ్బరు పగలొచ్చు. బ్లాకు కింద ప్యాకింగ్ దగ్గర లీకవ్వొచ్చు. ఇవి కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ చూస్తారు. కనిపించనిది క్రాంక్ షాఫ్టుకి ఎడమవైపు, మ్యాగ్నెట్ వెనకాల దాక్కున్న ఆయిల్ సీలు (షాఫ్టు చుట్టూ సందు మూసే రబ్బరు రింగు). నడుస్తున్న ఇంజన్ మీద స్ప్రే కొట్టి లీకు పట్టే పద్ధతి దానికి పనికిరాదు, మ్యాగ్నెట్ అడ్డం ఉంటుంది.

మా నాన్న బండికి నేను 0.25 బోరు చేయించాను. పట్టేసింది. లేత్ షాపు మీదకి వెళ్లి గొడవపడి 0.50 చేయించాను. మళ్లీ పట్టేసింది. రెండోసారి పిస్టన్‌ని కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తే గీతలన్నీ సైలెన్సర్ వైపే ఉన్నాయి. బోరు టైట్ అయితే గీతలు పిస్టన్‌కి నాలుగు మూలలా పడతాయి. ఒక్క సైలెన్సర్ వైపే పడ్డాయంటే బోరు తప్పు కాదు, వేడి ఎక్కువైంది. అప్పుడు పుల్లర్ పెట్టి మ్యాగ్నెట్ లాగాను. కాయిల్ ప్లేటు అడుగున నల్లగా, జిడ్డుగా తడి. సీలు పెదవి ఒకచోట అర అంగుళం మేర కోసుకుపోయి ఉంది. దాని వెనక సన్నటి స్ప్రింగు గాడిలోంచి జారి వదులుగా వేలాడుతోంది. ఆ సీలు కొత్తదే, నేనే వేశాను. షాఫ్టు మీద మ్యాగ్నెట్‌ని జారకుండా పట్టే కీ (చిన్న ఇనప ముక్క) కూర్చునే గాడి అంచు బ్లేడులా ఉంటుంది. దాని మీంచి సీలుని పొడిగా నెట్టేశాను. లేత్ షాపు ఆయన తప్పేమీ లేదు. వెళ్లి ఆ మాట ఆయనతో చెప్పాను కూడా.

ఇప్పుడు ఏ ఇంజన్ కట్టినా ఫ్రేములో ఎక్కించే ముందే గాలి పరీక్ష చేస్తాను. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, పాత బీపీ మిషన్ చాలు. చేతికి చుట్టే పట్టీ తీసేసి, బల్బు గొట్టం, డయల్ గొట్టం ఒక టీ జాయింటుతో కలపండి. మూడో కొనని చిల్లు పెట్టిన రబ్బరు బిరడాకి తగిలించి, ఆ బిరడాని కార్బొరేటర్ కూర్చునే రబ్బరులో దూర్చి క్లాంపు బిగించండి. సైలెన్సర్ ద్వారానికి సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద రేకు పెట్టి బోల్టులతో బిగించండి. ప్లగ్గు దాని చోట దానిని ఉంచండి. ఆయిల్ పంపు గొట్టం ఎక్కడ కలిస్తే అక్కడ కూడా మూసేయండి. పిస్టన్ అడుగుకి దించితే లోపలి దారులన్నీ తెరుచుకుంటాయి.

ఇక బల్బు నొక్కుతూ ముల్లుని 300 దాకా తెండి. అది సుమారు 6 పీఎస్ఐ, ఈ పరీక్షకి సరిపోయే ఒత్తిడి. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, మంచి సీళ్లు కూడా బయటికి తన్నుకొస్తాయి. ముల్లు కదలకుండా నిలబడితే ఇంజన్ బాగున్నట్టే. నిమిషంలో 50 కంటే ఎక్కువ పడితే లీకుంది. సబ్బు నురుగు ముంచిన బ్రష్షుతో హెడ్డు చుట్టూ, బ్లాకు అడుగున, రబ్బరు అంచున, రెండు కేసులు కలిసే గీత వెంట, మ్యాగ్నెట్ తీసి సీలు చుట్టూ రాయండి. లీకున్న చోట చిన్నచిన్న బుడగలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొస్తాయి. గాలి పరీక్షకి ముందే గేర్ ఆయిలు దించేసి, ఆ ఆయిలు పోసే రంధ్రం మీద కూడా నురుగు పొర వేయండి. అది బెలూనులా ఉబ్బితే క్లచ్ వైపు సీలు పోయింది.

సీలు మార్చేటప్పుడు షాఫ్టు మీద కీ గాడిని నున్నటి టేపుతో చుట్టండి. పెదవికి గ్రీజు రాయండి. స్ప్రింగు ఉన్న వైపు క్రాంక్ గదిలోకి ఉండాలి. సుత్తితో ఒక పక్క కొట్టకుండా, సీలు అంచుకి సరిపోయే సాకెట్ పెట్టి సమంగా దించండి. ఇంకో మాట. పాత సీలు రాసుకున్నచోట షాఫ్టు మీద గోరు పెట్టి గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు, కొత్త సీలు కూడా అక్కడే లీకవుతుంది. దాన్ని ఒక మిల్లీమీటరు ఇవతలే ఆపితే పెదవి కొత్త చోట కూర్చుంటుంది. గాడి మరీ లోతుగా ఉంటే షాఫ్టు సంగతి చూడక తప్పదు.

సీలు ధర పిస్టన్ కిట్‌తో పోలిస్తే ఎంత? అయినా కిట్ కొన్నవాళ్లు "పాత సీళ్లు బాగానే ఉన్నాయి అన్నా" అంటారు. ముప్పై ఏళ్ల రబ్బరు ఎలా బాగుంటుంది? ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండి అయితే పెదవి వేలితో నొక్కినా వంగదు, ప్లాస్టిక్‌లా బిగుసుకుపోయి ఉంటుంది. ఇంజన్ విప్పారంటే రెండు సీళ్లూ మార్చాల్సిందే.

తెల్లపొగ ఆగదు

చల్లటి ఉదయం మొదట్లో కొంచెం పొగ మామూలే. బండి వేడెక్కాక కూడా వెనక వీధి కనిపించనంత పొగ వస్తూ, గేర్ ఆయిలు నెలనెలా తగ్గుతుంటే అది క్లచ్ వైపు సీలు. గేర్‌బాక్సులోని ఆయిలుని ఇంజన్ పీల్చి కాలుస్తోంది. టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో కలిసి కాలే ఆయిలు) కంపెనీ మార్చి లాభం లేదు. క్లచ్ కవరు విప్పి, ప్రైమరీ గేరు లాగి సీలు మార్చండి. కవరు ప్యాకింగ్ కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి.

అరుదైనవి

టైమింగ్ తప్పడం, కేసులకి వెంట్రుకవాసి పగులు, కాన్‌రాడ్ బేరింగు పోవడం: ఉంటాయి. కానీ గాలి పరీక్ష పాసయ్యాకే వాటి జోలికి వెళ్లండి. ఒక్కటి మాత్రం బోరు చేయించిన రోజే చూడాలి. బ్లాకు లోపల కిటికీల (మిశ్రమం, పొగ వెళ్లే రంధ్రాల) అంచులు వేలికి గరుగ్గా తగిలితే, నున్నటి ఆకురాయితో ఆ పదును తీయమనండి. లేకపోతే రింగు అక్కడ తగులుకుంటుంది.

మొదటి ట్యాంకు

ఆయిల్ పంపు విప్పి మళ్లీ పెట్టినప్పుడు గొట్టంలో గాలి బుడగ మిగిలితే ఆయిలు అందదు. పంపు మీది గాలి స్క్రూ వదులు చేసి బుడగలు లేకుండా ఆయిలు కారేదాకా ఆగండి. పంపు బాగున్నా సరే, మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకి 30 మి.లీ. టూటీ ఆయిలు కలపండి. పొగ వస్తుంది, రానివ్వండి. పది కిలోమీటర్లకోసారి ఆపి చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి రంగు చూడండి. కాఫీ రంగు వైపు తిరుగుతుంటే ముందుకెళ్లండి. తెల్లగానే ఉంటే బండిని నెట్టుకుంటూ ఇంటికి తీసుకొచ్చి బీపీ మిషన్ మళ్లీ తగిలించండి.