సర్వర్ నుంచి బ్రౌజర్‌కి లైవ్ అప్డేట్స్ పంపడం ఎలా? హార్బర్ చేపల రేట్లతో చేసి చూద్దాం

మా చిన్నాన్న వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలం పాట దగ్గరుంటాడు, వంజరం ఎంత పలికింది, రొయ్య ఎంత పలికింది అని ఫోన్‌లో కొడతాడు, అది ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా హోటళ్ల వాళ్ల ఫోన్లలో వెంటనే మారాలి. మొదట్లో నేను పేజీ చేత ప్రతి 5 సెకన్లకీ "ఏమన్నా మారిందా" అని సర్వర్‌ని అడిగించేవాణ్ణి. 60 ఫోన్లు తెరిచి ఉంటే నిమిషానికి 720 సార్లు అడిగినట్టు, రేటేమో ఏ పది నిమిషాలకోసారో మారుతుంది.

దీనికి సరిగ్గా సరిపోయేది సర్వర్ సెంట్ ఈవెంట్స్, అందరూ ఎస్‌ఎస్‌ఈ అంటారు. బ్రౌజర్ ఒక్కసారి కనెక్ట్ అవుద్ది, సర్వర్ ఆ కనెక్షన్ మూయకుండా కొత్త సంగతి ఉన్నప్పుడల్లా అందులోనే రాస్తూ పోతుంది. లైవ్ అనగానే చాలామంది వెబ్‌సాకెట్ అంటారు గానీ అది చాటింగ్‌లా రెండు వైపులా మాట్లాడే పనికి బాగుంటుంది, రేట్లు ఒకవైపే వెళ్తాయి కదా, వెబ్ పేజీలు తెచ్చుకునే మామూలు హెచ్‌టీటీపీ చాలు.

ముందు సర్వర్ వైపు. రేట్లకి ఒక యూఆర్ఎల్ పెట్టి, కంటెంట్ టైప్ హెడర్‌లో టెక్స్ట్, స్లాష్, ఈవెంట్-స్ట్రీమ్ అని ఇవ్వండి, రెస్పాన్స్ క్లోజ్ చెయ్యకండి. వచ్చిన ప్రతి కనెక్షన్‌నీ ఒక లిస్ట్‌లో పెట్టుకోండి, ఫోన్ వెళ్లిపోతే అందులోంచి తీసెయ్యండి, లేకపోతే మెమరీ నిండిపోతూ ఉంటుంది.

రేటు మారగానే లిస్ట్‌లో అందరికీ మెసేజ్ రాయాలి. డేటా అనే మాట ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పక్కన కోలన్, ఆ తర్వాత మీ జేసన్ (చేప పేరు, రేటు లాంటివి ప్రోగ్రాములు చదువుకునేలా రాసే పద్ధతి), చివర్లో రెండు న్యూలైన్లు. ఈ రెండో న్యూలైన్ మర్చిపోతే బ్రౌజర్ మెసేజ్ ఇంకా పూర్తవలేదనుకుని అలాగే కూర్చుంటుంది, ఎర్రర్ కూడా చూపించదు, జాగ్రత్త. స్ట్రీమ్ యూటీఎఫ్-8 కాబట్టి చేపల పేర్లు హాయిగా తెలుగులోనే పంపొచ్చు.

మెసేజ్‌తో పాటు ఐడీ లైన్ కూడా పంపండి, అంటే ఆ మెసేజ్‌ని గుర్తుపట్టే నంబర్. యారాడ కొండ దిగుతుంటే ఒకాయన ఫోన్‌కి సిగ్నల్ పోయిందనుకోండి, వచ్చాక బ్రౌజర్ తనంతట తనే మళ్లీ కనెక్ట్ అయ్యి, ఆఖరున అందిన ఐడీని లాస్ట్-ఈవెంట్-ఐడీ అనే హెడర్‌లో చెప్తుంది, మీరు అక్కణ్ణుంచి మిగిలినవి పంపితే ఏ రేటూ మిస్సవ్వదు. నాకు ఎస్‌ఎస్‌ఈలో బాగా నచ్చింది ఇదే.

బ్రౌజర్ వైపు పని చాలా తక్కువ. జావాస్క్రిప్ట్‌లో ఎస్‌ఎస్‌ఈ కోసమే ఉన్న ఈవెంట్‌సోర్స్‌కి ఆ యూఆర్ఎల్ ఇచ్చి, మెసేజ్ రాగానే నడిచే ఆన్‌మెసేజ్‌లో జేసన్ విప్పి, ఆ చేప వరుసలో అంకె మార్చెయ్యడమే.

అసలు తిప్పలు సర్వర్‌కి ఎక్కించాక మొదలవుతాయి. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, ఎక్కించాక మాత్రం వంజరం, చందువా, కానాగంత అన్నీ ఒకేసారి ముద్దగా వచ్చి పడుతున్నాయి, అప్పటికి పాట అయిపోయింది. నా ప్రోగ్రామ్‌కి ముందు నిలబడి డేటాని అటూ ఇటూ అందించే ప్రాక్సీ, దాన్ని వెంటనే పంపకుండా పోగేసి (బఫర్ చేసి) పట్టుకుంటోంది. ప్రాక్సీగా ఇంజిన్‌ఎక్స్ వాడితే ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్ చెయ్యండి. అలాగే 60 సెకన్లు ఏమీ రాకపోతే అది మామూలుగా కనెక్షన్ తెంపేస్తుంది, అందుకని ప్రతి 15 సెకన్లకీ ఉత్త కోలన్ ఉన్న లైన్ ఒకటి పంపండి, బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు. యూఆర్ఎల్ నుంచి వచ్చేది చూపించే కర్ల్ కమాండ్‌కి హైఫన్ ఎన్ పెట్టి టెర్మినల్‌లో చూస్తే లైన్లు ఒక్కొక్కటే వస్తున్నాయో లేదో కళ్లకి కనిపిస్తుంది.

హెచ్‌టీటీపీ 1.1 మీద ఒక సైట్‌కి ఒక బ్రౌజర్ 6 కనెక్షన్లే తెరుస్తుంది, మన పేజీ ఉన్న ఒక్కో ట్యాబ్ ఒక కనెక్షన్‌ని పట్టుకునే ఉంటుంది కాబట్టి ఏడో ట్యాబ్ తెరిస్తే లోడవ్వదు, సర్వర్‌లో హెచ్‌టీటీపీ 2 ఆన్ చేసుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ మా పేజీకి కొత్త రేట్లుండవు. అప్పుడు ఉన్న కనెక్షన్లు మూసేసి, మళ్లీ వచ్చిన వాటికి 204 స్టేటస్ (పంపడానికేమీ లేదని అర్థం) ఇవ్వండి, బ్రౌజర్ ఇక ప్రయత్నించడం ఆపేస్తుంది. వేట మొదలయ్యాక పేజీ ఒకసారి రీఫ్రెష్ చెయ్యమని మాత్రం అందరికీ ముందే చెప్పి ఉంచండి.