పెయిడ్ పోస్టులకు స్పాన్సర్డ్ లేబుల్ ఎలా పెట్టాలి, పెట్టాక ఎలా చూసుకోవాలి?

ఒక కంపెనీ డబ్బిచ్చి పోస్టు పెట్టమంది, మీరు ఒప్పుకున్నారు. ఇది పెయిడ్ అని చూసేవాళ్లకు తెలియాలి, దానికేముంది, ఒక మాట రాస్తే సరిపోదా అనిపిస్తుంది. రాయడం పెద్ద పనేం కాదు. ఆ మాట ఎక్కడ రాశారు, స్క్రోల్ చేసుకుంటూ పోయేవాళ్ల కంటికి అది ఆనుతుందా, రెండు నెలల తర్వాత అదే వీడియో ఇంకో యాప్‌లోకి వెళ్లినప్పుడు కూడా అక్కడ ఉందా, గొడవంతా వీటి దగ్గరే. అందుకే మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పుకుందాం.

ముందు: అసలు లేబుల్ పెట్టాలా?

డబ్బు ముడితే పెట్టాలని అందరికీ తెలుసు. డబ్బు ముట్టని చోటే చాలామంది తప్పించుకోవాలని చూస్తారు. ఉచితంగా పంపిన వస్తువు, డిస్కౌంటు, ఎవరైనా నొక్కి కొంటే మీకు కమిషన్ వచ్చే అఫిలియేట్ లింకు, ఖర్చులన్నీ వాళ్లే పెట్టుకున్న ట్రిప్పు, ఈవెంటు పాసు, మీరు ఉద్యోగం చేసే కంపెనీ, మీవాళ్లు నడిపే కంపెనీ, మీకు షేర్లున్న కంపెనీ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. "నాకు రూపాయి ఇవ్వలేదు, ఊరికే ఒక బాక్స్ పంపారు" అన్నది చాలా బలహీనమైన వాదన, ఆ బాక్స్‌కి వెల ఉంటుంది కదా.

తేల్చుకోలేకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కంపెనీకీ నాకూ ఉన్న సంబంధం ముందే తెలిస్తే, చూసేవాళ్లు నా మాటను ఇంతే గట్టిగా నమ్ముతారా? కాస్త తగ్గించి నమ్ముతారు అనిపిస్తే లేబుల్ పెట్టాల్సిందే. అమెరికాలో ఇలాంటి వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, 2017లో ఇద్దరు గేమింగ్ యూట్యూబర్ల మీద చర్య తీసుకుంది. వాళ్లు ఒక జూదం సైటును తెగ పొగుడుతూ వీడియోలు చేశారు, ఆ సైటు తమదేనన్న ముక్క మాత్రం చెప్పలేదు. అక్కడ బయటి స్పాన్సర్ ఎవరూ లేరు, సొంత సైటే. అయినా అది దాచడమే అయింది.

ఇక మీ జేబులోంచి డబ్బు పెట్టి కొని, ఎవరూ అడగకుండా బాగుందనో బాగాలేదనో చెబితే లేబుల్ అక్కర్లేదు. పెద్ద బ్రాండ్లతో పనిచేస్తున్నట్టు కనిపించాలని స్పాన్సర్ లేని పోస్టుకి కూడా లేబుల్ తగిలించేవాళ్లు ఉన్నారు, అదో సరదా. అదీ అబద్ధమే, ఆ పని చేయకండి.

పోస్టు చేయకముందే మెయిల్‌లో తేల్చుకోవాల్సినవి

ఇక్కడ ఒక పాత కేసు చెప్పాలి. లార్డ్ అండ్ టేలర్ అనే అమెరికన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ తన కొత్త కలెక్షన్ కోసం 50 మంది ఫ్యాషన్ ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఒకే డ్రెస్సు పంపి, డబ్బులిచ్చి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టించింది. కంపెనీ అకౌంటును ట్యాగ్ చేయాలి, ఫలానా హ్యాష్‌ట్యాగ్ వాడాలి అని ఒప్పందంలో పక్కాగా రాసుకుంది. డబ్బు తీసుకున్నట్టు చెప్పాలని మాత్రం ఎక్కడా రాయలేదు. డ్రెస్సు మొత్తం అమ్ముడుపోయింది. 2016లో ఎఫ్‌టీసీ ఆ కంపెనీని పట్టుకుంది. గమనించాల్సింది ఏంటంటే, ట్యాగ్ గురించి అంత జాగ్రత్త పడినవాళ్లు లేబుల్ గురించి ఒక్క లైను రాసుంటే ఆ తలనొప్పే ఉండేది కాదు.

కాబట్టి మీకు వచ్చే మెయిల్‌లో లేబుల్ ప్రస్తావన లేకపోతే మీరే రాయండి. ఏ మాట వాడతారు, ఎక్కడ పెడతారు, యాప్‌లోనే ఉండే ప్లాట్‌ఫామ్ లేబుల్ ఆన్ చేస్తారా, క్యాంపెయిన్ అయిపోయాక కూడా అది ఉంటుందా (ఉండాలి), మీ వీడియోను వాళ్లు తమ పేజీలో పెట్టుకుంటే అక్కడ ఎవరు లేబుల్ పెట్టాలి. నాలుగు లైన్ల పని. "లేబుల్ పెడితే రీచ్ తగ్గుతుంది, ఈసారికి వదిలేయండి" అని అటువైపు నుంచి వస్తే, రాతపూర్వకంగా చెప్పమని అడిగి చూడండి, చాలాసార్లు ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆ డీల్ వదులుకోవడమే నయం, రేపు ఏదైనా పీకల మీదికి వస్తే పోస్టు మీ పేరు మీదే ఉంటుంది మరి.

యాప్‌లో లేబుల్ ఆన్ చేయడం

మెనూల పేర్లు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొంచెం అటూ ఇటూ మారుతుంటాయి, దారి మాత్రం దాదాపు ఇదే.

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు గానీ రీల్ గానీ పెట్టేటప్పుడు క్యాప్షన్ రాసే స్క్రీన్‌లో కిందికి వెళ్తే మోర్ ఆప్షన్స్ గానీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ గానీ కనిపిస్తుంది. అందులో పెయిడ్ పార్టనర్‌షిప్ లేబుల్ ఆన్ చేసి, బ్రాండ్ అకౌంటును వెతికి జత చేయాలి. కొన్ని బ్రాండ్లు తమ అనుమతి లేకుండా ఎవరూ ట్యాగ్ చేయకుండా సెట్ చేసుకుంటాయి, అప్పుడు రిక్వెస్టు పంపి ఒప్పుకునేదాకా ఆగాలి. ఈ పని పోస్టు చేసే నిమిషంలో పెట్టుకుంటే టెన్షన్, ముందురోజే కానివ్వండి. అక్కడే బ్రాండు మీ పోస్టును బూస్ట్ చేసుకోవడానికి అనుమతిచ్చే ఆప్షన్ కూడా ఉంటుంది. అది లేబుల్‌కి సంబంధించింది కాదు. అది ఆన్ చేస్తే మీ పోస్టును వాళ్లు యాడ్‌గా నడుపుకోవచ్చు, ఒప్పందంలో లేకపోతే ఆఫ్‌లోనే ఉంచండి.

యూట్యూబ్‌లో స్టూడియో తెరిచి, వీడియో వివరాల్లో షో మోర్ నొక్కితే పెయిడ్ ప్రమోషన్ అన్న భాగం వస్తుంది, అందులో బాక్స్ టిక్ చేస్తే చాలు. వీడియో మొదట్లో 10 సెకన్ల పాటు పెయిడ్ ప్రమోషన్ ఉందన్న మాట కనిపిస్తుంది. ఆ 10 సెకన్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

టిక్‌టాక్‌లో రెండు రకాలున్నాయి, తడబడేది అక్కడే. సొంత వ్యాపారం గురించి చెబితే యువర్ బ్రాండ్ ఎంచుకోవాలి, అప్పుడు ప్రమోషనల్ కంటెంట్ అని పడుతుంది. వేరేవాళ్ల బ్రాండు కోసం చేస్తే బ్రాండెడ్ కంటెంట్ ఎంచుకోవాలి, పెయిడ్ పార్టనర్‌షిప్ అని పడుతుంది.

ఇంకో గందరగోళం కూడా తీర్చేసుకుందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో కొలాబ్ పోస్టు అంటే ఒకే పోస్టు రెండు అకౌంట్లలో కనిపించడం, అంతే. పక్కన బ్రాండు పేరు ఉంది కదా, అందరికీ అర్థమైపోతుంది అనుకుంటే పొరపాటు, స్నేహితులిద్దరు కలిసి పెట్టినా అలాగే కనిపిస్తుంది. స్పాన్సర్డ్ అని ఇన్‌స్టాగ్రామే వేసేది, డబ్బు కట్టి యాడ్‌గా నడుపుతున్న పోస్టుకి. యాడ్ ఆపేస్తే మీ పేజీలో మిగిలే పోస్టు మీద ఆ మాట ఉండదు. మీకు డబ్బు ముట్టిందని చెప్పేది పెయిడ్ పార్టనర్‌షిప్ లేబుల్ ఒక్కటే.

లేబుల్ ఆన్ చేసినా పోస్టులో మీ మాటగా చెప్పాలి

ఆప్షన్ ఆన్ చేశాం, పనైపోయింది అని చేతులు దులుపుకోవడం ఇక్కడ కుదరదు. ప్లాట్‌ఫామ్ ఇచ్చే లేబుల్ ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దని ఎఫ్‌టీసీ 2019లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం తెచ్చిన గైడ్‌లో చెప్పింది. ఆ లేబుల్ చిన్న అక్షరాల్లో, పేరు కింద, బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయి ఉంటుంది, జనం చూపు ఉండేదేమో బొమ్మ మీద.

క్యాప్షన్‌తో మొదలుపెడదాం. 2017లో ఎఫ్‌టీసీ 90కి పైగా ఉత్తరాలు పంపింది, ఇన్‌ఫ్లుయెన్సర్లకూ కంపెనీలకూ. అందులో ఒక వివరం నాకు భలే నచ్చింది: ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లకు మోర్ నొక్కితే తప్ప మొదటి మూడు లైన్లే కనిపిస్తాయి, చెప్పాల్సింది అంతకంటే పైనే ఉండాలి అని. ఎన్ని లైన్లు కనిపిస్తాయన్నది యాప్ డిజైన్‌ని బట్టి మారుతుంది కాబట్టి నా సలహా, మొదటి లైన్లోనే మొదటి మాటగా రాసేయండి. "యాడ్: ఈ వీడియో కోసం ఫలానా కంపెనీ నాకు డబ్బిచ్చింది" అంటే అందరికీ అర్థమవుతుంది. ఇరవై హ్యాష్‌ట్యాగ్‌ల మధ్యలో పదిహేడోదిగా యాడ్ అని ఇరికిస్తే రాసినా రాయనట్టే.

మాటల ఎంపిక కూడా ముఖ్యం. యాడ్, అడ్వర్టైజ్‌మెంట్, స్పాన్సర్డ్, పెయిడ్ పార్టనర్‌షిప్ ఇవి స్పష్టమైనవి. స్పాన్, ఎస్‌పీ లాంటి పొట్టి ముక్కలూ, "థాంక్స్ టు ఫలానా బ్రాండ్" లాంటివీ పనికిరావు, థాంక్స్ దేనికి చెప్పారో ఎవరికి తెలుసు? కొలాబ్, అంబాసిడర్ అన్నవి ఒంటరిగా వాడితే మసకగా ఉంటాయి. తెలుగులో మాట్లాడే వీడియోకి తెలుగులోనే చెప్పండి, "ఇది ప్రకటన", "డబ్బు తీసుకుని చేసిన వీడియో" అంటే సరి. యాడ్ అన్న మాట ఎలాగూ అందరికీ తెలిసిందే.

వీడియోల దగ్గరికొస్తే, యూట్యూబ్ లేబుల్ 10 సెకన్లే ఉంటుందన్నాం కదా. మీ స్పాన్సర్ ముక్క ఆరో నిమిషంలో ఉంటే అప్పటికి ఆ లేబుల్ ఎవరికీ గుర్తుండదు, మధ్యలోంచి చూడటం మొదలుపెట్టినవాళ్లకు అసలు కనపడనే కనపడదు. కాబట్టి ఆ ముక్క మొదలవగానే నోటితో చెప్పాలి, తెర మీద రాయాలి. రెండూ ఎందుకంటే కొంతమంది సౌండ్ పెట్టుకోరు, కొంతమంది ఫోన్ జేబులో పెట్టుకుని వింటారు. వీడియో కింద డిస్క్రిప్షన్‌లో మాత్రమే రాయడం కంటితుడుపు.

ఎంతసేపు ఉంచాలి అన్నదానికి భారత్‌లోని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, ఏఎస్‌సీఐ, 2021 జూన్ 14 నుంచి అమల్లోకి తెచ్చిన నియమాల్లో చక్కటి లెక్క ఉంది. 15 సెకన్లలోపు వీడియో అయితే కనీసం 3 సెకన్లు, 15 సెకన్ల నుంచి 2 నిమిషాల దాకా అయితే వీడియో నిడివిలో మూడో వంతు, అంతకంటే పెద్దదైతే ప్రొడక్టు గురించి చెబుతున్నంతసేపూ. లైవ్‌లో మొదట్లోనూ చివర్లోనూ చెప్పాలి, లైవ్ అయిపోయాక వీడియో అక్కడే ఉంటే క్యాప్షన్‌లో కూడా చేర్చాలి. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ లెక్క పట్టుకుంటే మంచిదే, అయితే మీ దగ్గర అంతకంటే గట్టి నియమం ఉంటే అదే పాటించాలి. లైవ్ విషయంలో నేనైతే మధ్యమధ్యలో కూడా చెప్పమంటాను, జనం వస్తూ పోతూ ఉంటారు కదా.

స్టోరీల్లో ప్రతి ఫ్రేములోనూ లేబుల్ వేయండి. మొదటి స్టోరీలో మాత్రమే వేస్తే మూడోది స్క్రీన్‌షాట్ తీసి పంపినప్పుడు అందులో ఏమీ ఉండదు. రీల్స్‌లో అక్షరాలు కిందికీ కుడివైపుకీ జరపొద్దు, అక్కడ క్యాప్షన్, లైక్ బటన్లు వచ్చి కప్పేస్తాయి. తెల్లటి గోడ మీద తెల్లటి అక్షరాలు, స్టిక్కర్ వెనకాల సగం దాక్కున్న లేబుల్, వీటిని చూస్తే మాత్రం కావాలనే చేశారనిపిస్తుంది.

పోస్టు అయ్యాక ఒకసారి బయటివాడిలా చూడండి

మీ ఫోన్‌లో కాదు, వేరేవాళ్ల ఫోన్‌లో. సౌండ్ తీసేసి, మోర్ నొక్కకుండా రెండు మూడు సెకన్లు చూసి ఇది పెయిడ్ అని తెలిసిందా అని అడగండి. "ఆ, ఎక్కడో చూశాను" అంటే తెలియలేదని అర్థం.

మర్చిపోయి పోస్టు చేసేశారనుకోండి, కంగారు పడి డిలీట్ చేయక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎడిట్ లోకి వెళ్లి లేబుల్ చేర్చొచ్చు, క్యాప్షన్ మొదటి లైను మార్చొచ్చు. యూట్యూబ్‌లో ఆ బాక్స్ ఎప్పుడైనా టిక్ చేసుకోవచ్చు, పైన ఒక కామెంట్ పిన్ చేయొచ్చు. వీడియోలో నోటితో చెప్పకపోవడం మాత్రం ఇవేవీ పూర్తిగా సరిచేయలేవు. అది నిన్న పెట్టిన రీలే అయితే తీసేసి మళ్లీ ఎడిట్ చేసి పెట్టమంటాను, లక్షల వ్యూస్ వచ్చిన పాతదైతే చేయగలిగినవన్నీ చేసి వదిలేయమంటాను.

ఎక్కువగా జారిపోయేది కాపీల దగ్గర. ఒక యాప్‌లో పెట్టిన లేబుల్ వీడియో డౌన్‌లోడ్ చేసి ఇంకో యాప్‌లో ఎక్కిస్తే దాంతోపాటు రాదు, అక్కడ మళ్లీ ఆన్ చేయాలి. వీడియోలోనే అక్షరాలుగా వేసిన లేబుల్ మాత్రం ఎక్కడికెళ్లినా వస్తుంది, అందుకే అది వేయడం లాభం. బ్రాండు మీ వీడియోను కత్తిరించి 8 సెకన్ల ముక్క వాడుకున్నప్పుడు మీరు లేబుల్ చెప్పిన భాగమే ఎగిరిపోతుంటుంది, ఆ ముక్కలను పెట్టకముందు మీకు చూపించమని ముందే అడగండి. క్యాంపెయిన్ అయిపోయింది, పోస్టు మాత్రం అలాగే ఉంది అంటే లేబుల్ కూడా అలాగే ఉండాలి. పేజీ నీట్‌గా కనిపించాలని లేబుల్ తీసేసి పోస్టు ఉంచేసుకోవడం సరైన పని కాదు, కావాలంటే రెండూ తీసేయండి.

నెలకు రెండు మూడు కంటే ఎక్కువ డీల్స్ చేస్తుంటే ఒక మామూలు షీటు పెట్టుకోండి. పోస్టు లింకు, బ్రాండు, ఏం తీసుకున్నారు (డబ్బా, వస్తువా, కమిషనా), ఏ యాప్‌ల్లో పెట్టారు, ఒక్కోదాంట్లో లేబుల్ ఆన్‌లో ఉందా, లైవ్ అయిన రోజు తీసిన స్క్రీన్‌షాట్. అఫిలియేట్ లింకులకు వేరే వరసలు పెట్టండి, ఎందుకంటే ప్రొఫైల్ లింకులోనూ పాత డిస్క్రిప్షన్లలోనూ అవి ఏళ్ల తరబడి డబ్బు తెస్తూనే ఉంటాయి, పక్కన రాసిన "కొంటే నాకు కమిషన్ వస్తుంది" అన్న లైను మాత్రం ఏదో ఒక ఎడిట్‌లో ఎగిరిపోతుంది. అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రామ్‌లో అయితే కమిషన్ వస్తుందని చెప్పడం వాళ్ల నిబంధనల్లోనే ఉంది. మూడు నెలలకోసారి షీటు తెరిచి ఆ పాత లింకులు నొక్కి చూసుకుంటే, లైను ఎక్కడ లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.