దూరం నుంచి అప్ అండ్ డౌన్ చేస్తూ పీహెచ్‌డీ చేయడం ఎలా?

మాది భువనగిరి. చదివేది గచ్చిబౌలిలో. మధ్యలో హైదరాబాద్ మొత్తం ఉంది. నా పరిశోధన పోచంపల్లి చేనేత కుటుంబాల మీద కాబట్టి హాస్టల్లో ఉంటే ఫీల్డ్ దూరం, ఇంట్లో ఉంటే లైబ్రరీ దూరం. నాలుగో ఏడాది నడుస్తోంది. ఇలాగే తిరుగుతున్న స్కాలర్లు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

1. ఏ పనికి క్యాంపస్ కావాలో తేల్చుకోండి

రోజూ వెళ్లి రావాలని మాత్రం పెట్టుకోకండి. మొదటి ఏడాది నేను అదే చేశాను. ఇంటికొచ్చేసరికి పుస్తకం తెరిచే ఓపిక కూడా ఉండేది కాదు. కోర్స్‌వర్క్ (మొదట్లో పూర్తి చేయాల్సిన క్లాసులు) ఉన్నన్నాళ్లు తప్పదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లు పూర్తి చేయాలి. వీలైతే అంతవరకైనా హాస్టల్లో ఉండండి.

ఆ తర్వాత క్యాంపస్‌తో నిజంగా పని పడేది కొన్నింటికే: గైడ్‌ను కలవడం, పుస్తకాలు, ఆఫీసు కాగితాలు, సెమిస్టర్‌కు ఒకసారి ఆర్‌ఏసీ (పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ) మీటింగ్. జర్నల్ వ్యాసాలకు మీ లైబ్రరీలో రిమోట్ లాగిన్ ఇస్తారేమో అడగండి. పాత థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

గైడ్‌తో ఈ సంగతి మొదట్లోనే మాట్లాడండి. "మేడమ్, నేను మంగళ, గురువారాలు వస్తాను, ఆ రోజుల్లో అరగంట ఇవ్వగలరా?" అని అడిగాను. ఒప్పుకున్నారు. అడగకుండా టెన్షన్ పడిన నెలలన్నీ వృథా అనిపించింది. ఫెలోషిప్ తీసుకునేవాళ్లు అటెండెన్స్ నియమం ఏమిటో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కనుక్కోండి. ఎవరో చెప్పింది నమ్మకండి, కాగితం మీద చూడండి.

2. రెండు దారులు పెట్టుకోండి

ఒకటి ఆగిపోతే ఇంకొకటి ఉండాలి. నా మొదటి దారి రైలు: భువనగిరి నుంచి సికింద్రాబాద్, అక్కడ ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) మారి లింగంపల్లి. 2024 మార్చి నుంచి ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ కూడా ఉంది. అది సికింద్రాబాద్ వెళ్లకుండా మౌలాలి, సనత్‌నగర్ మీదుగా పోతుంది. టైమ్ కుదిరితే చాలా హాయి.

రెండో దారి బస్సు. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కితే మారకుండా చివరి స్టేషన్ రాయదుర్గం దాకా పోవచ్చు. అక్కణ్నుంచి మళ్లీ బస్సో ఆటోనో. ఉస్మానియాకు వెళ్లేవాళ్లకు ఇదే మెట్రోలో తార్నాక. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి జేఎన్‌టీయూకు వెళ్లేవాళ్లు ఎల్బీనగర్‌లో మియాపూర్ మెట్రో ఎక్కితే సరిపోతుంది.

3. టికెట్ ఖర్చు

వారానికి ఎన్నిసార్లు వెళ్తారో లెక్కేసుకున్నాకే రైల్వే సీజన్ టికెట్ తీసుకోండి. 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. మూడు నెలలది తీసుకుంటే నెల ధరకు 2.7 రెట్లే పడుతుంది. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు చార్జీ ఉంటుందని గుర్తుంచుకోండి. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు.

4. ప్రయాణంలో ఏ పని చేయాలి?

రైల్లో థీసిస్ రాయాలని చూడకండి. ల్యాప్‌టాప్ తెరిచేంత చోటు దొరకదు, దొరికినా రాసింది ఇంటికెళ్లి కొట్టేయాల్సి వస్తుంది. సీటు దొరికితే ఒకే వ్యాసం ప్రింటు తీసుకెళ్లి పెన్సిల్‌తో చదవండి. నిలబడాల్సి వస్తే వినండి.

నాకు బాగా కలిసొచ్చింది ఈ వినడమే. ఇంటర్వ్యూ రికార్డింగులు ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుంటాను. ఒక ఇంటి ఇల్లాలి రికార్డింగు అప్పటికే రాసి పెట్టేశాను, అందులో ఇంకేమీ లేదనుకున్నాను. ఘట్‌కేసర్ దాటాక మూడోసారి వింటుంటే ఒకటి తట్టింది. ఆమె మాట్లాడుతుంటే వెనకాల భర్త మగ్గం నేస్తున్న చప్పుడు టకటకా వస్తూనే ఉంది. నేను అప్పు సంగతి అడిగినప్పుడల్లా ఆ చప్పుడు ఆగిపోతోంది. ఆమె మాట మార్చాక మళ్లీ మొదలవుతోంది. కాగితం మీద రాసుకున్నప్పుడు మాటలే రాశాను, మగ్గం ఆగడం రాయలేదు. ఇప్పుడు నా మూడో చాప్టర్ అక్కణ్నుంచే మొదలవుతుంది.

అందుకే ఫోన్‌లో వాయిస్ నోట్ సిద్ధంగా పెట్టుకోండి. తట్టింది తట్టినట్టు రెండు ముక్కలు చెప్పుకోండి. దిగేదాకా గుర్తుండదు.

5. క్యాంపస్‌లో దిగిన రోజు

సంతకాల పని మొదట. ఒకసారి లైబ్రరీలో కూర్చుని, ఆఫీసుకు మధ్యాహ్నం వెళ్లాను. సంతకం పెట్టాల్సినవారు సెలవు పెట్టి వెళ్లిపోయారు. ఆ ఒక్క సంతకం కోసం మర్నాడు మళ్లీ వెళ్లాను. ఇప్పుడు ముందురోజే ఫోన్ చేసి కనుక్కుంటాను.

హాస్టల్లో ఉండే స్నేహితురాలి గదిలో నావి ఒక చార్జర్, దుప్పటి, ఒక జత బట్టలు ఉంటాయి. సెమినార్ ఆలస్యమైతే అక్కడే ఆగిపోతాను. బదులుగా ఆమెకు ఇంటి నుంచి పచ్చళ్లు, సకినాలు తీసుకెళ్తాను.

ఆడపిల్లలకు ఒక మాట. దారిలో బాత్రూమ్ దొరకదేమోనని నీళ్లు తాగడం మానేయకండి. నేను అలా చేసి యూరిన్ ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నాను. పెద్ద స్టేషన్ల వెయిటింగ్ హాళ్లు, మెట్రో స్టేషన్లు దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసి పెట్టుకోండి.

6. మర్నాడు పొద్దున రాయండి

వెళ్లొచ్చిన రాత్రి ఏమీ పెట్టుకోకండి, తిని పడుకోండి. మర్నాడు పొద్దున రెండు గంటలు ఎవరికీ ఇవ్వకండి. ముందురోజు గైడ్ చెప్పింది, దారిలో విన్నది అప్పుడే కాగితం మీద పెట్టాలి. మా ఇంట్లో బుధ, శుక్రవారాలు తొమ్మిదింటి దాకా నన్ను ఎవరూ పిలవరు. అత్తమ్మకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పాక ఆవిడే వచ్చినవాళ్లను ముందు గదిలో ఆపుతోంది.

7. చివరి నెలలకు గది తీసుకోండి

థీసిస్ సమర్పించే ముందు ప్రీ-సబ్మిషన్ సెమినార్, ప్లేజియరిజం చెక్ (ఎక్కడి నుంచైనా కాపీ ఉందేమో చూడటం), ప్రింటు, బైండింగు, బాకీలేమీ లేవనే నో డ్యూస్ కాగితాలు అన్నీ ఒకేసారి మీదపడతాయి. అవి వారానికి రెండు రోజుల్లో తెమిలేవి కావు. ఆ రెండు నెలలకు క్యాంపస్ దగ్గర షేరింగ్ గదికి డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టుకోండి. నేను ప్రతి నెలా ఫెలోషిప్ పడగానే వెయ్యి రూపాయలు వేరే ఖాతాలో వేస్తున్నాను.