క్వారీ శిక్షణలో పరీక్షలను సరిచూడడం ఎలా

దక్షిణ తెలంగాణలో రాయిని నమ్ముకొని బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మట్టంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలకు సున్నపురాయి తీసే గనులు, మహబూబ్‌నగర్, నల్లగొండ చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు, కంకర క్రషర్లు వీరికి పని ఇస్తున్నాయి. ఈ పనుల్లోకి వచ్చేవారికి శిక్షణ ఇచ్చే కేంద్రంలో నేర్పే ట్రైనర్, పరీక్షించే అసెసర్‌తో పాటు, ఆ పరీక్ష నిక్కచ్చిగా జరిగిందో లేదో సరిచూసే మూడో వ్యక్తి ఒకరు ఉండాలి. ఆ బాధ్యతను కొత్తగా తీసుకున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఫైలు చూసి సంతృప్తి పడడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటని కొన్నేళ్ల అనుభవంలో నాకు అర్థమైంది. సర్టిఫికెట్ అందుకున్న మనిషి రేపు రాతి గోడ కింద నిలబడతాడు కనుక, ఆ కాగితం వెనక అతని చేతులు నిజంగా ఏం చేశాయో మీరు చూడాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1952 గనుల చట్టం కింద 1966లో వృత్తి శిక్షణ నియమాలు వచ్చాయి. కొత్తగా చేరేవారికి ప్రాథమిక శిక్షణను, ఐదేళ్లకొకసారి పునశ్చరణ శిక్షణను అవి తప్పనిసరి చేశాయి. 18 ఏళ్లు నిండనివారిని గని పనిలో పెట్టుకోకూడదు. 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, 2018లో వృత్తి విద్య, శిక్షణల జాతీయ మండలి వచ్చిన తరువాత, నేర్పినవారే పరీక్ష పెట్టి పాస్ చేసే పద్ధతికి బదులు అసెస్‌మెంటును వేరేవారికి అప్పగించే పద్ధతి బలపడింది. కాబట్టి బ్యాచ్ మొదలయ్యే ముందే ట్రైనర్ పేరు, అసెసర్ పేరు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ఒకరే అయితే అక్కడే ఆపండి.

తరువాత పని ప్రమాణాన్ని కంటితో చూడగలిగే అంశాలుగా విడగొట్టించాలి. ‘పేలని మందు విషయంలో తగిన జాగ్రత్తలు పాటించగలడు’ అని రాసి ఉన్న వాక్యంతో ఏ అసెసర్ అయినా ఎవరినైనా పాస్ చేయవచ్చు. దానినే ఇలా అడగండి: ఫ్యూజుకు, అంటే వత్తికి, నిప్పంటించాక పేలుడు మందు పేలకపోతే 30 నిమిషాలు ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా దారి మూయించాడా? హోల్‌లోని, అంటే మందు కూరేందుకు బండలో వేసిన రంధ్రంలోని, మందును బయటికి లాగే ప్రయత్నం చేయకుండా ఉన్నాడా? ఆ పేలని మందును పేల్చివేయడానికి వేసే కొత్త హోల్‌ను పాతదానికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, దానికి సమాంతరంగా గుర్తు పెట్టాడా? ఇందులో చివరిదే అసలు పరీక్ష. పాత హోల్ ఏ వాలులో లోపలికి పోయిందో ముందుగా తెలుసుకోకుండా సమాంతరంగా వేయడం సాధ్యం కాదు. పైన 30 సెంటీమీటర్లు కచ్చితంగా కొలిచి, లోపల వాలు తప్పితే, డ్రిల్ రాడ్డు పోయి పేలని మందుకే తగులుతుంది. అభ్యర్థి టేపు పట్టుకోకముందే వాలు చూసుకున్నాడో లేదో అసెసర్ తన షీటులో రాశాడా అన్నదే మీరు వెతకవలసిన విషయం. ఈ పరీక్షను అసలు మందుతో పెట్టకూడదు. కర్రతో చేసిన ఉత్తుత్తి తూటా, హోల్‌లో దాని మీద కూరి దట్టించడానికి మట్టి, చెక్క కర్ర ఉంటే సరిపోతుంది. ఇనుప కడ్డీతో దట్టించబోయిన అభ్యర్థి, మిగతావన్నీ సరిగ్గా చేసినా, ఆ అంశంలో ఉత్తీర్ణుడు కాడు.

పరీక్షా పద్ధతి పనికి తగినదేనా అన్నది మరో ప్రశ్న. ఒక క్వారీలో జరిగిన పరీక్షను నేను చూడబోయినప్పుడు, పాతికేళ్లుగా బండ పని చేస్తున్న ఒక పెద్దాయనకు రాత పరీక్షలో సున్నా వచ్చినట్టు షీటులో ఉంది. ఆయనను ఫేస్, అంటే రాయి తీసే బండ గోడ, దగ్గరికి తీసుకువెళ్లి, వదులు రాయి ఎలా గుర్తిస్తావు పెద్దయ్యా అని అడిగాను. ఆయన ముందుగా వెనక్కి తిరిగి తాను తప్పుకొనే దారి చూసుకొని, అడ్డంగా ఉన్న రాళ్లను కాలితో పక్కకు తోశాడు. తరువాత ఒక పక్కగా నిలబడి, ఎడమ అరచేయి బండకు ఆనించి, కుడి చేత్తో గడ్డపార మొనతో పైనుంచి కిందికి కొడుతూ వచ్చాడు. గట్టి బండ ఖంగుమని మోగింది. ఒకచోట మాత్రం బోలుగా, డొల్లగా మోగడంతో, ‘ఇది కదుల్తుంది సారూ, చేతికి తెలుస్తుంది’ అన్నాడు. అదే బ్యాచ్‌లో రాతలో అన్నీ సరిగా రాసిన ఒక కుర్రవాడు, రాలగొడుతున్న రాయికి సరిగ్గా కిందనే నిలబడ్డాడు. ఆ ఇద్దరి ఫలితాలనూ నేను వెనక్కి పంపి, పని చేయించి మళ్లీ పరీక్షించమని రాశాను. చదువు రానివారు ఎక్కువగా ఉన్నచోట తెలుగులో, తండాలవారికి లంబాడీలో, ఒడిశా నుంచి వచ్చినవారికి వారి భాషలో నోటితో ప్రశ్నలు అడిగి, జవాబును వారు అన్న మాటల్లోనే నమోదు చేయించాలి.

పరిశీలనకు రికార్డులను మీరే ఎంచుకోండి. కేంద్రంవారు ముందుగా కట్టకట్టి ఇచ్చిన ఫైళ్లతో మొదలుపెట్టవద్దు. కొత్త అసెసర్ చేసిన పనినైతే మొత్తం చూడాలి. అనుభవం ఉన్నవారి పనిలో కొంత చూస్తే చాలు గానీ, ప్రతి క్వారీ, ప్రతి పద్ధతి అందులోకి వచ్చేలా చూసుకోండి. ఫెయిలైనవారి రికార్డులను వదిలేయడం చాలామందికి అలవాటు, కానీ అన్యాయం తరచుగా అక్కడే దాగి ఉంటుంది.

సాక్ష్యం అసలైనదా కాదా అన్నది తేల్చడానికి రిజిస్టరు చాలదు. ఒక కేంద్రంలో జాక్‌హామర్ (గాలి ఒత్తిడితో బండలో హోల్స్ వేసే యంత్రం) బ్యాచ్ మొత్తానికి రోజుల తరబడి డ్రిల్లింగ్ సాధన చేయించినట్టు హాజరుపట్టీ చెప్పింది. నాకు అనుమానం వచ్చి దానికి గాలినిచ్చే కంప్రెసర్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ రీడింగును లాగ్‌బుక్కులోని పాత రీడింగుతో పోల్చాను. అది ఒక పూట నడిచినంత కూడా కదలలేదు. అప్పటినుంచి ప్రతి బ్యాచ్ మొదట్లో, చివర్లో ఆ మీటరును ఫోటో తీయించి, డీజిల్ స్లిప్పులతో కలిపి ఫైలులో పెట్టమని అడుగుతున్నాను. వీడియో సాక్ష్యమైతే అభ్యర్థి ముఖం, చేతులు రెండూ కనిపించాలి, పని మొదటినుంచి చివరివరకు తెగకుండా ఉండాలి.

అసెసర్లందరూ ఒకే కొలతతో కొలుస్తున్నారా అన్నది తెలుసుకోవడానికి వారిని ఒకచోట కూర్చోబెట్టి, ఒకే వీడియోను చూపించి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నిర్ణయం రాయమనండి. నేను అలా చేయించినప్పుడు, నీళ్లు పెట్టకుండా పొడిగా డ్రిల్ చేసిన అభ్యర్థిని ఒకరు పాస్ చేశారు, మరొకరు ఫెయిల్ చేశారు. మాస్కు ఉంది కదా అని మొదటివారు వాదించారు. పలుగురాయి పొడి చేసే మిల్లుల కూలీలు రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్ జబ్బుతో ఊపిరి అందక ప్రాణాలు పోగొట్టుకున్న షాద్‌నగర్ ప్రాంతం మనకు ఎంతో దూరంలో లేదు. గ్రానైటులోనూ అదే సిలికా ఉంటుంది. ధూళి పుట్టినచోటనే నీటితో అణచాలి, మాస్కు దాని తరువాతిది అని ఆరోజు తీర్మానించి, ఆ మాటను అందరి షీటులోనూ తప్పనిసరి అంశంగా చేర్చాము. ఇలా తీసుకున్న నిర్ణయాన్ని తేదీతో సహా రాసి ఉంచకపోతే, తరువాతి బ్యాచ్‌కు ఎవరికీ గుర్తుండదు.

అసెసర్‌కు మీరు రాసే అభిప్రాయం సూటిగా ఉండాలి. ‘బాగుంది’ అని రాస్తే అతనికి ఉపయోగం లేదు. ఏ అభ్యర్థి, ఏ అంశం, ఏ సాక్ష్యం చాలలేదు, ఎప్పటిలోగా సరిచేయాలి అన్నవి ఉండాలి. అభ్యర్థికి తన ఫలితంపై అప్పీలు చేసుకొనే హక్కు ఉందని శిక్షణ మొదటి రోజే అతని భాషలో చెప్పించండి.

సర్టిఫికెట్లు ఇచ్చిన కొన్ని నెలల తరువాత ముందుగా కబురు చేయకుండా ఒకసారి క్వారీకి వెళ్లండి. తవ్వకం అంచు నుంచి 3 మీటర్ల లోపు వదులు రాళ్లు, మట్టి కుప్పలు ఉండకూడదని నిబంధన. మనం పాస్ చేసినవారు పనిచేస్తున్న బెంచీ (క్వారీలో మెట్టుగా తవ్విన చోటు) పైన అవి కనిపిస్తే, తిరిగి వచ్చి ఆ బ్యాచ్ రికార్డులను మళ్లీ తెరవండి.